కొర్లయ్య కాళ్లు

నేను ఒక కెమెరాను. మీ పెళ్లిళ్లలో తిరిగే రకం కాదు. వెలుతురుతో నాకు పని లేదు, వేడి చాలు. వెచ్చనిది తెల్లగా, చల్లనిది నల్లగా చూపిస్తాను. హైదరాబాదు శివార్లలో ఒక షెడ్డులో నన్ను బిగించారు. సరిహద్దులు కాయడానికి పుట్టాననుకున్నాను. తీరా చూస్తే నన్ను నమూనాగా ఉంచేశారు. అంటే కాపలా కాయను, కాస్తానని చూపిస్తాను.

నన్ను మోసుకు తిరిగిన సుధీంద్ర మా కంపెనీ అమ్మకాల మేనేజరు. ఏ ప్రదర్శనకు వెళ్లినా నా పక్కన తెర మీద ఒక గీత చూపించేవాడు. చుట్టుపక్కల దేశాల్లో సరిహద్దు కాపలా, సముద్ర నిఘా పరికరాల మార్కెట్ ఏటికేడు ఎలా పెరుగుతోందో ఆ గీత చెప్పేది. ఒక దేశం ఒక రాడార్ కొంటే పక్క దేశం రెండు కొంటుంది. పక్కింటాయన ప్రహరీ ఎత్తు చేస్తే మనకు నిద్ర పట్టదు కదా, అంతే. సుధీంద్ర చెడ్డవాడేమీ కాదు. తన గీత మీద తనకు మహా ప్రేమ.

ఒక మాఘమాసం ఉదయం భీమిలి అవతల ఒక గుట్ట మీద నన్ను నిలబెట్టారు. చూసి కొనడానికి అధికారులు వచ్చారు. చొరబాటుదారు వేషానికి కొర్లయ్య అనే జాలరిని మాట్లాడారు. దొంగపడవలా కనబడాలని అతని సొంత పడవ వద్దని, మూలన పడున్న పాత చెక్కపడవకు నల్లరంగు కొట్టించారు. అతుకులు వదిలేశాయని కొర్లయ్య చెప్పాడు. అరగంటే కదా అన్నాడు సుధీంద్ర. మధ్యమధ్య అనుమానం వచ్చేలా చేతులు ఊపమని కూడా నేర్పాడు. తడుస్తుందని ఫోను భార్య నూకాలమ్మకిచ్చి కొర్లయ్య వెళ్లాడు. ఆమె గుట్ట మీద అందరికీ టీ పోస్తోంది. టీ గ్లాసు తెల్లగా, చన్నీళ్ల బిందె నల్లగా నాలోంచి ఎలా కనిపిస్తాయో సుధీంద్ర ఆమెకు సరదాగా చూపించాడు.

సముద్రం మీద మంచు దట్టంగా ఉంది. కంటికి ఏమీ ఆనడం లేదు. నా తెర మీద మాత్రం పడవ, అందులో తెల్లటి మనిషి. కాసేపటికి ఇంజను తెలుపు మసకబారింది, ఆగిపోయిందన్నమాట. మనిషి రెండు చేతులూ ఎత్తి ఊపడం మొదలుపెట్టాడు. అధికారులు భేష్ అన్నారు. వేళ్లు కూడా లెక్కపెట్టొచ్చని ఒకాయన మురిసిపోయాడు. అంతలో కొర్లయ్య పాదాలు తెర మీంచి చెరిగిపోయాయి. తర్వాత మోకాళ్లు. నేను ఉన్నదున్నట్టు చూపిస్తూనే ఉన్నాను, అంతకుమించి నాకు చేతకాదు.

నూకాలమ్మ కెటిల్ కింద పెట్టి తెర దగ్గరికి వచ్చింది.

“మావోడి కాళ్లేవి బాబూ?”

కెమెరా సర్దుతానంటూ సుధీంద్ర నా మీట తిప్పబోయాడు.

“నీ మిసనుకేటీ అవనేదు. పడవలోకి నీళ్లొచ్చేసినాయి. ఆడు ఆటాడతన్నాడనుకుంటన్నారేటి?”

అప్పటికి నడుము కూడా కనబడడం లేదు. ఎంత ఈతగాడైనా ఆ మంచులో ఒడ్డు ఎటుందో తెలియదు. ఆమె కొర్లయ్య ఫోన్లోంచే రేవులోని వాళ్లను పిలిచింది. వాళ్లు పడవ తీశాక, తెర చూస్తూ ఎడమకు, ఇంకా ఎడమకు అని దారి చెప్పింది. సుధీంద్ర నన్ను కొర్లయ్య మీంచి కదలనివ్వలేదు. నా బతుకులో నేను నిజంగా కాపలా కాసింది ఆ పావుగంటే. తలా భుజాలూ మిగిలాయనగా రెండు తెల్లని చేతులు వచ్చి అతన్ని పైకి లాగాయి. నూకాలమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

అధికారులకు నా చూపు నచ్చింది. నలభై కెమెరాలు కొన్నారు.

ఇప్పుడు కంపెనీ ముందుగదిలో అద్దాల పెట్టెలో ఉన్నాను. నేను తీసిన ఆ వీడియో పక్కనే రోజంతా తిరుగుతుంది. నూకాలమ్మ గొంతు రాకముందే ఆగి, మళ్లీ మొదలవుతుంది. కింద ‘దొరికిపోయిన చొరబాటుదారు’ అని రాశారు. మొన్నొక పెద్దమనిషి వాడు తర్వాత ఏమయ్యాడని అడిగితే, బల్ల దగ్గరి అమ్మాయి జైల్లో ఉండుంటాడు లెండి అంది. కాదు. అతను నూకాలమ్మ మొగుడు కొర్లయ్య. కాపాడమని చేతులు ఊపుతున్నాడు.