డాక్టరమ్మ పోసిన ఒడిబియ్యం

సిద్దిరాములుకు చెరుకు గురించి తెలిసినంతగా సర్కారు గురించి తెలియదు. తెలిసిన కాస్తా చెరుకు వల్లనే తెలిసింది. ఫ్యాక్టరీకి గడ నరకాలంటే పర్మిట్ కావాలి, పర్మిట్ మీద తారీఖు ఉండాలి, ఆ తారీఖున బండి కాటా దగ్గర నిలబడాలి. ఒక రోజు ముందు పోతే వెనక్కి పొమ్మంటారు, ఒక రోజు ఆలస్యమైతే గడ ఎండిందంటారు. కాబట్టి లోకంలో ఏ పనికైనా చిట్టీ మీద తారీఖు వేయించుకుంటే చాలని అతని గట్టి నమ్మకం. యాభై ఎనిమిది జనవరిలో ఆ నమ్మకమే అతని కొంప మీదికి తెచ్చింది.

అతని ఊరు కోటగిరి దాటాక మంజీర ఒడ్డున ఉంది. ఏరు దాటితే బిలోలి తాలూకా. అవతలి ఒడ్డున డాక్టర్ రాధాబాయి ఉండేది. భర్త పోయిన మనిషి, పిల్లలు లేరు. ఇరవై ఏళ్లుగా ఎడ్లబండిలో ఇసుక దాటివచ్చి ఇవతలి ఊళ్లలో పురుళ్లు పోసేది. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడేది, తిట్టడానికి మాత్రం ఉర్దూ వాడేది. యాభై ఆరు చివర రాష్ట్రాలను విడగొట్టి ఏటికి ఆ పక్కది బొంబాయి అన్నారు, ఈ పక్కది ఆంధ్రప్రదేశ్ అన్నారు. ఏరు ఎక్కడిదక్కడే పారింది. రాధాబాయి ఎక్కడి మనిషి అక్కడే ఉంది. అయినా ఆమె పరరాష్ట్ర డాక్టరు అయిపోయింది.

ఈ ముక్క చెప్పడానికి నిజామాబాదు నుంచి దశరథం వచ్చాడు. హెల్త్ ఇన్‌స్పెక్టరు. సైకిలు, గొడుగు, సంచిలో ఒక సర్కులరు, అంతే అతని ఆస్తి. చెడ్డవాడేమీ కాదు, చదివిన కాగితాన్ని దేవుడి వాక్కులా నమ్మేవాడు, అదొక్కటే అతని జబ్బు. చావిడి ముందు నిలబడి ఊరందరికీ వినబడేలా చదివాడు. ఇక్కడి రిజిస్టరులో పేరు లేని డాక్టరు వైద్యం చేయకూడదు. చేయవచ్చునంటే నాలుగే నాలుగు సందర్భాలు. ఇక్కడి డాక్టరే సలహాకు పిలిచి పక్కన ఉండాలి. లేదా సర్కారు పంపాలి. లేదా ఇక్కడి డాక్టరు అందని ఆపద రావాలి. అదీ కాకపోతే, సొంత ఇంటివాళ్లకు ఫీజు లేకుండా చేసుకోవాలి.

రాధాబాయి ఇక్కడి రిజిస్టరు కోసం దరఖాస్తు పెట్టి పది నెలలైంది. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును అడుగుతూనే ఉంది.

సిద్దిరాములు చావిడి నుంచి నేరుగా ఇంటికి పరుగెత్తాడు. అతని భార్య సాయవ్వకు అప్పుడు ఎనిమిదో నెల. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. రెండోసారి బోధన్ పోతూ ఉంటే బండి కుదుపులకు నెత్తురు పడి, బిడ్డ దక్కలేదు, సాయవ్వ కూడా పోవలసిందే. దారిలో ఎదురైన రాధాబాయి చెట్టు కింద చాప పరిపించి ఆమెను బతికించింది. ఈసారి ముందే వచ్చి చూసి, బిడ్డ అడ్డం తిరిగి ఉందని చెప్పింది. "మంచం దిగొద్దు. బండెక్కితే నాకు పని లేదు, కాష్ఠానికి ఉంటది పని. నొప్పులు రాంగనే నన్ను పిలువుండ్రి" అని గట్టిగా చెప్పి పోయింది. సాయవ్వను ఏరు దాటించడానికి లేదు, రాధాబాయి ఏరు దాటి రావడానికి లేదు.

సిద్దిరాములు ముందుగా బోధన్ పోయి అక్కడి డాక్టరు ఆత్మారాం కాళ్లు పట్టుకున్నాడు.

"రాధాబాయమ్మను సలహాకు పిలుస్తున్నమని ఒక రుక్కా రాసియ్యుండ్రి సార్."

"రాస్త. కానీ నేను పక్కన ఉండాలె గదా. నేను ఉంటే ఆమె ఎందుకు? ఆమె ఉంటే నేను ఎందుకు?" అన్నాడు ఆత్మారాం. తర్వాత జాలిపడి, "నొప్పులు మొదలుకాంగనే బండి పంపు, వస్త" అన్నాడు.

"బండి వచ్చి పోయేటాలకు పొద్దు మునుగుతది సార్."

"అయితే జెర ముందుగాల పంపు."

"నొప్పుల కన్న ముందుగాలనా?"

ఆత్మారాం కాసేపు ఆలోచించి, అది నీ ఇష్టం అన్నాడు.

సర్కారు పంపుతుందన్న ఆశ లేదు, చుట్టరికమూ లేదు, ఇక మిగిలింది ఆపద. సిద్దిరాములు చావిడికి పోయి దశరథం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వేరేవాళ్లయితే ఆపద వచ్చినప్పుడు చూసుకుందాం లెమ్మని ఊరుకునేవారు. సిద్దిరాములు చెరుకు రైతు కదా, ముందే పర్మిట్ అడిగాడు.

"ఆపదకు చిట్టీ కావాలె సార్. తారీఖు ఏసి ఇయ్యుండ్రి."

దశరథానికి ఇంతవరకు ఏ మనిషీ ఇంత పద్ధతిగా కనబడలేదు. ముచ్చటపడ్డాడు. కలం తీసి, "ఆపద ఎప్పుడు?" అన్నాడు.

"పుష్యం పున్నానికి సార్. జనవరి అయిదు."

దశరథం రాసి ఇచ్చాడు. జనవరి అయిదున, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు వరకు, సిద్దిరాములు ఇంట ఆపదకు అనుమతి. సిద్దిరాములు దాన్ని రుమాలులో మూటగట్టి రాధాబాయికి చూపించాడు. ఆమె చదివి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "కడుపుల ఉన్నదానికి చదువొస్తదా సిద్దిరాములూ?" అంది. అయినా ఒప్పుకుంది. ఇక్కడ కేసైతే అక్కడ ఆమె సర్టిఫికెట్ పోతుంది, అది పోతే రెండు ఒడ్లలో ఎక్కడా పనికిరాకుండా పోతుంది. కాగితం ఎంత పిచ్చిదైనా చేతిలో ఉంటే మంచిదనుకుంది.

అయిదో తారీఖు ఎనిమిదింటికల్లా అందరూ హాజరు. వాకిట్లో స్టూలు మీద దశరథం, మంచం పక్కన రాధాబాయి, పొయ్యి మీద కాగులో నీళ్లు. సాయవ్వకు మాత్రం ఏ నొప్పీ లేదు, ఆకలి మాత్రం బాగా వేసింది. సిద్దిరాములు తల్లి హన్మవ్వ మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, తర్వాత కోడలి చెవిలో గొణిగింది.

"జెర నొప్పి తెచ్చుకో బిడ్డా, సార్ పొద్దటి సంది కూసున్నడు."

పాపం సాయవ్వ మూలిగి చూసింది. రాధాబాయి నాడి పట్టుకుని తల అడ్డంగా ఊపింది. అయిదు గంటలకు దశరథం లేచి చిట్టీ మీద అడ్డంగా గీత కొట్టాడు. "కొత్తది కావాలంటే పదిహేను రోజుల ముందుగాల దరఖాస్తు పెట్టుకో" అన్నాడు.

ఏడో తారీఖు తెల్లవారగానే నొప్పులు వచ్చాయి. సిద్దిరాములు ఏట్లో నుంచి నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తి రాధాబాయిని బండెక్కించుకుని వచ్చాడు. ఇంకా చావిడిలోనే మకాం ఉన్న దశరథం అప్పటికే ఇంటి గడప దగ్గరికి వచ్చి గొడుగు అడ్డం పెట్టాడు.

"ఆపద తారీఖు దాటింది."

"సార్, లోపట నా పెండ్లం ఒర్లుతున్నది ఇనబడతలేదా? ఇది ఆపద గాదా?"

"ఆపదే. కానీ మంజూరైన ఆపద గాదు."

సిద్దిరాములుకు మొదటిసారి పర్మిట్ల మీద అసహ్యం పుట్టింది. చిట్టీ అడిగిన తన నోటినే తిట్టుకున్నాడు. అడగకపోతే ఇది ఉట్టి ఆపదగా ఉండేది, ఎవరూ తారీఖు అడిగేవారు కాదు. లోపల సాయవ్వ మరోసారి అరిచింది. అతనికి నాలుగో సందర్భం గుర్తుకొచ్చింది.

"సొంత ఇంటోళ్లకు చెయ్యొచ్చు అన్నరు గదా సార్? రాధాబాయమ్మ సాయవ్వకు తల్లి అయితే?"

"ఎట్లయితది?"

"ఒడిబియ్యం పోస్తే."

దశరథం గొడుగు దించాడు. పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడిలో పోయనిదే ఒడిబియ్యం లేవు, ఒడిబియ్యం పోసిన ఇల్లు పుట్టిల్లు కాకుండా పోదు. అతనికీ ఇద్దరు అక్కలున్నారు, ఏటేటా పోసి వస్తాడు. సాయవ్వ తల్లి ఆమె పాలు మరవకముందే పోయింది, మేనమామ పెంచి పెళ్లి చేసి చేతులు దులుపుకున్నాడు. ఆమె ఒడిలో ఇంతవరకు గింజ పడలేదని ఊరందరికీ తెలుసు. దశరథం సర్కులరు తిరగేశాడు. ఒడిబియ్యం చెల్లవని అందులో ఎక్కడా లేదు.

"మా దాంట్ల గూడ ఉన్నది, ఓటి అంటం" అంది రాధాబాయి చేతులు కడుక్కుంటూ. "తొందరగ తెండ్రి, బిడ్డ ఆగదు."

హన్మవ్వ చాటలో బియ్యం తెచ్చింది. దశరథం వద్దన్నాడు. "అత్తింటి బియ్యం చెల్లయి. పుట్టింటియే కావాలె." సర్కులరు కన్నా ఈ విషయంలో అతనికి పట్టింపు ఎక్కువ. రాధాబాయి బండిలో, ముందురోజు ఎవరో ఇచ్చిన బియ్యం సంచి ఉండబట్టి సరిపోయింది. పసుపు కలిపారు, ఎండుకొబ్బరి కుడుకలు పెట్టారు. నొప్పులతో మెలికలు తిరుగుతున్న సాయవ్వను ఇద్దరు ఆడవాళ్లు లేపి పట్టుకుంటే, రాధాబాయి అయిదు దోసిళ్లు ఆమె ఒడిలో పోసింది. మూడో దోసిలి దగ్గర ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది; భర్త పోయిన తనను ఇంతవరకు ఎవరూ ఒడి నింపమనలేదు.

అప్పుడే హన్మవ్వ మూతి ముడుచుకుని మూలకు పోయి కూర్చుంది.

"ఏమైంది అవ్వా?" అన్నాడు సిద్దిరాములు.

"ఏమైతది? గింత పెద్ద డాక్టరమ్మ వియ్యపురాలైంది, నాకు ఒక్క చీర పెట్టకపాయె."

రాధాబాయి ఉర్దూలో ఏదో అని, అందరినీ బయటికి తరిమి తలుపు వేసింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. సిద్దిరాములు వాకిట్లో కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. లోపల అరుపులు ఆగిపోయాయి. అరుపుల కన్నా అది భయంకరంగా ఉంది. దశరథం కూడా గొడుగు మడతలు సర్దుకుంటూ తలుపు వైపే చూస్తున్నాడు. చాలాసేపటికి లోపల చెంప మీద కొట్టినట్టు ఒక చప్పుడు, ఇంకొకటి, ఆ వెంట ఊరంతా వినబడేంత ఏడుపు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. సిద్దిరాములు దశరథాన్నే కౌగిలించుకుని ఏడ్చాడు.

దశరథం కళ్లు తుడుచుకుని, జనన రిజిస్టరు తెరిచాడు. కానుపు చేసినవారి గడిలో సాయవ్వ తల్లి రాధాబాయి అని రాశాడు. వృత్తి గడి దగ్గర కాసేపు ఆగి, ఏమీ లేదు అని రాశాడు. రాధాబాయి వంగి చూసింది. "ఇరవై ఏండ్ల సంది నేను ఏం జేసినట్టు?" అంది. అయినా ముఖంలో కోపం లేదు.

ఫీజు తీసుకోలేదు. తీసుకుంటే నేరమవుతుంది.

సిద్దిరాములు అక్కడితో కథ అయిపోయిందనుకున్నాడు. బిడ్డకు పేరు పెట్టే ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం వాకిట్లో బండి ఆగింది. మెత్తగా గడ్డి పరిచి, దాని మీద రెండు బొంతలు వేసి ఉంది. రాధాబాయి దిగి హన్మవ్వ చేతిలో అంచు చీర పెట్టింది. "వియ్యపురాలా, నా బిడ్డను తీస్కపోతున్న. బాలింత అయిదు నెలలు తల్లి దగ్గర ఉండాలె గదా" అంది.

సిద్దిరాములు ఎగిరిపడ్డాడు. ఇన్నేళ్లకు ఇంట్లో బిడ్డ ఏడుపు వినబడుతోంది, దాన్ని ఏరు దాటించడమా?

"డాక్టరమ్మా, గది ఉట్టిగ సర్కారు కాయిదా కోసం జేస్తిమి గదా?"

"నీవు కాయిదా కోసం జేసినవేమో. బియ్యం పోసింది నేను" అంది రాధాబాయి.

అతను దిక్కుతోచక దశరథం వైపు చూశాడు. పేరు పెట్టే విందుకని వచ్చి, అప్పటికే విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. దశరథం చెయ్యి ఎత్తి అన్నాడు.

"పంపకపోతే ఎట్ల సిద్దిరాములూ? పంపలేదంటే ఆమె తల్లి గాదు. తల్లి గాదంటే ఆనాడు జేసింది వైద్యం. నేను కేసు రాయాలె."

రాధాబాయినీ సాయవ్వనూ తన అక్కరకు వాడుకుని, అదంతా ఆటే అనుకున్నందుకు సిద్దిరాములుకు సిగ్గేసింది. ఇంతలో సాయవ్వ లోపల నుంచి వచ్చింది. ఎవరూ చెప్పకముందే బట్టలు మూట కట్టుకుంది. చంకలో బిడ్డ ఉంది. సిద్దిరాములు చేయి అందించబోతే అవసరం లేనట్టు బండెక్కి రాధాబాయి పక్కన కూర్చుంది.

"అత్తా, పదిలంగ తీస్కపో" అన్నాడు సిద్దిరాములు. ఆ పిలుపు అతని నోట్లో నుంచి దానంతటదే వచ్చింది.

"హోళీకి రా అల్లుడా" అంది రాధాబాయి.

అతను ఏటి దాకా బండి వెంట నడిచాడు. బండి అవతలి ఒడ్డు ఎక్కేదాకా సాయవ్వ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. పెళ్లయిన ఏడేళ్లలో ఆమె పుట్టింటికి పోవడం అదే మొదలు.