పడుగు కొస

అయినా ఆ పసుపు రంగు వేసింది నేనే కదా, వేరే ఎవరిని అనగలను అనుకుంటూ గంజి కలుపుతున్నాను. ఉండ కట్టకూడదు. ఉండ కడితే దారం మీద నిలిచిపోయి మగ్గం మీద తెగుతుంది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆలేరు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఆరేళ్లలో చేతులే నేర్చుకున్నాయి. మున్సిపాలిటీలో నక్షలు గీసే ఉద్యోగం మాత్రం తల నేర్చుకుంది. నా చేతులూ నా తలా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవని నిన్నటిదాకా నాకు తెలియదు.

నిన్న మధ్యాహ్నం కొత్త ప్లాన్ గోడకు తగిలించారు. మా పాతబజార్ మొత్తం పసుపు. పసుపంటే నివాసం, ఇళ్లు తప్ప మరేమీ లేని చోటు. అందుకని మగ్గాలు బైపాస్ పక్కన కట్టే షెడ్డుకు పోతాయి, ఖాళీగా ఉన్న వీధి బండ్లు నిలిపే జాగా అవుతుంది. మార్పులేమైనా ఉంటే ఇవాళ సాయంత్రం లోపల ఇవ్వాలి. ఈ వీధి సర్వే చేసింది నేను. పదకొండింటికి వెళ్లాను, సర్వేలు ఎప్పుడూ ఆ వేళకే మొదలవుతాయి. అప్పటికి వీధిలో ఏమీ ఉండదు. ‘వీధి వినియోగం: ఖాళీ’ అని రాశాను. మా ఇంటి ముందు నిలబడి కూడా అదే రాశాను. ఆ పొద్దునే, అదే వీధిలో, చీరలకు నిలువుగా పోయే దారాలన్నీ పడుగుగా ఈ చివర నుంచి ఆ చివరికి సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే చుట్టి లోపల పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. గోళ్ల సందుల్లో గంజి ఇంకా ఎండి ఉంది. ఆ చేత్తోనే ఖాళీ అని రాశాను.

దీన్ని మరచిపోవడం అనలేను. మరచిపోవాలంటే, అది గుర్తుంచుకోదగ్గదని ముందు ఎవరో ఒకరు అని ఉండాలి. పెళ్లయిన కొత్తలో మా ఆయన శ్రవణ్, “పొద్దున జర పడుగు పట్టుకో, తర్వాత నీ పని చేస్కో” అన్నాడు. ఆ ‘జర’ రెండు గంటలు. సర్వే కాగితం పట్టుకుని మా అత్త లక్ష్మీనర్సమ్మను వృత్తి ఏమిటని అడిగితే, మగ్గానికి దారం కండెలు చుడుతున్న చెయ్యి ఆపకుండానే, “నాదేముంటది బిడ్డా. మీ మామ నేస్తడు, నేను ఊకెనే ఉంట” అంది. గృహిణి అని రాశాను. వీధి చివరింటి హుస్సేన్‌బీ ముందుగదిలో మిషను పెట్టుకుని ఇరవై ఏళ్లుగా సగం ఊరి జాకెట్లు కుడుతోంది. ఆమె కూడా గృహిణే. మా పడుగు అవతలి కొస కట్టేది వాళ్ల అరుగు స్తంభానికి. సంస్థానం నాటి రాయి, తాడు ఒరిసి ఒరిసి గాడి పడింది. తెల్లవారి నమాజు నుంచి తిరిగొచ్చేవాళ్లు పడుగు కింద వంగి వెళ్తారు, ఒక్కరూ దారం తాకరు. ఆ వంగడానికి నక్షలో ఏ రంగూ లేదు.

కానీ ఇల్లూ పనీ కలిసి ఉన్నచోట వేసే గీతల గుర్తు ఒకటుంది, మిశ్రమ వినియోగం అని. అది వేద్దామని నిన్న మా ఆఫీసర్ మురళీమోహన్ గారిని అడిగాను. ఆయన చాయ్ ఊదుకుంటూ నవ్వారు.

“ఇంట్ల ఆడోళ్లు చేసేదంత పనని రాస్తె, ఊరంత ఫ్యాక్టరీయే అయితదమ్మా.”

పక్క టేబుల్ దగ్గర దామోదర్ నవ్వాడు. నేనూ నవ్వాను కాబోలు, నోరు అలవాటు కొద్దీ సాగింది. కొలతలు తెస్తే చూద్దామన్నారు. పదకొండింటికి అక్కడ కొలవడానికేమీ ఉండదని ఆయనకు తెలుసు.

రాత్రి అన్నాల దగ్గర చెబితే శ్రవణ్ కంచంలోంచి తలెత్తలేదు. షాద్‌నగర్ కంపెనీ నుంచి వారానికొక రోజు ఇంటికొస్తాడు. షెడ్డయితే మంచిదే, ఇల్లు సాపుగా ఉంటుందన్నాడు. అత్త షెడ్డుకు ఎలా పోతుంది? పొయ్యి మీద అన్నం పెట్టి, అది ఉడికేలోపు నాలుగు కండెలు చుట్టే మనిషి. షెడ్డులో పొయ్యి ఉండదు. అప్పుడామె నిజంగానే ఊకెనే ఉంటుంది.

గంజి పలచబడింది. విచిత్రంగా నాకు భయం లేదు. తప్పు నాది, దిద్దే చెయ్యి కూడా నాదే, మధ్యలో ఎవరినీ బతిమాలే పని లేదు.

తపేలా బయటికి తెచ్చేసరికి మామ పడుగు విప్పి, అవతలి కొస స్తంభానికి కట్టి వచ్చాడు. “సింధూజా, కొస పట్టు” అన్నాడు రోజులాగే. పట్టుకున్నాను. వదిలితే దారాలన్నీ మట్టిలో పడతాయి, అందుకే ఆరేళ్లుగా వదల్లేదు. శ్రవణ్ గడపలో నిలబడి ఫోన్ చూస్తున్నాడు.

“జర ఇటు రా” అన్నాను.

“ఏంది?”

“కొస పట్టుకో. నాకు పనుంది.”

“నాకేం తెలుస్తదే గిది?”

“తెల్వనీకి ఏమున్నది. ఊకెనే పట్టుకునుడే.”

లోపల అత్త చరఖా ఆగింది. శ్రవణ్ నవ్వబోయి, వాళ్ల నాయిన ముఖం చూసి, ఫోన్ జేబులో పెట్టుకుని కొస అందుకున్నాడు. బరువుకు అతని భుజాలు ముందుకు వంగాయి. ఆ వంపు నాకు బాగా తెలుసు.

చేతులు తుడుచుకుని ఆఫీసు సంచిలోంచి టేపు తీసి వీధి చివరికి నడిచాను. హుస్సేన్‌బీ అడగకుండానే అరుగు దిగి, టేపు కొసను స్తంభం గాడిలో నొక్కిపట్టి, “సీదా పో బేటీ” అంది. పడుగు పక్కనే టేపు విప్పుకుంటూ మా ఇంటి దాకా వచ్చాను. శ్రవణ్ చేతుల దగ్గర అంకె చదివాను. ఆ తర్వాత సర్వే కాగితం తీసి, నేను రాసిన ‘ఖాళీ’ మీద అడ్డంగా ఒక గీత కొట్టాను.