మిస్డ్ కాల్‌కు యజమానులు

మిస్డ్ కాల్‌కు కూడా యజమాని ఉంటాడని ఓబులేసుకు ఈ వయసులో తెలిసింది. ఆ సంగతి చెప్పింది ఎవాంజెలిన్ అనే లాయరు పిల్ల. ఒక ఆదివారం పొద్దున బెంగళూరు మడివాళ మార్కెట్ వెనక సందులో అతని గది వెతుక్కుంటూ వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, ఫ్యాను తానే వేసుకుని, ఆ తర్వాత చెప్పింది.

"రెండు పెద్ద ఫోన్ కంపెనీలు అంకుల్. కోర్టులో గొడవ నడుస్తోంది."

"కొట్టుకు చావనీ. నాకేం?"

"గొడవ మిస్డ్ కాల్ గురించి."

ఓబులేసు కమ్మీలు వంచే పనివాడు. కదిరి వైపు పల్లెలో అయిదో తరగతి దాకా చదివి, పెళ్లయిన కొత్తలో బెంగళూరు వచ్చి, అప్పటినుంచీ శ్లాబులకు ఇనుము కడుతున్నాడు. ఎదుటివాడు చెప్పేది అబద్ధమా కాదా అని తేల్చుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టదు. ముందు అబద్ధమే అనుకుంటాడు, తర్వాత ఎప్పుడైనా నిజమని తేలితే అప్పుడు చూసుకుంటాడు. కానీ ఇది అబద్ధంగా చెప్పడానికి కూడా సిగ్గుపడాల్సిన మాట. కాబట్టి నిజమే అయి ఉండాలి.

నల్ల డబ్బాల్లో ఫోన్లు అమ్మే కంపెనీ ఒకటి, ఫోను ఎత్తకుండానే మోగిన సార్లను బట్టి కబురు అందజేసే పద్ధతి తానే కనిపెట్టానని సర్కారు దగ్గర పేటెంటు రాయించుకుంది. ఒకసారి మోగించి కట్ చేస్తే అవతలి ఫోను తెర మీద "చేరాను" అని పడుతుంది. రెండుసార్లు మోగిస్తే ఇంకో మాట పడుతుంది. ఎర్ర డబ్బాల్లో ఫోన్లు అమ్మే కంపెనీ అదే పద్ధతిని తన ఫోన్లలోనూ పెట్టింది. నల్ల డబ్బావాళ్లు దావా వేశారు. ఎర్ర డబ్బావాళ్ల తరఫు లాయర్ల ఆఫీసులో ఎవాంజెలిన్ జూనియరు. కంపెనీల పేర్లు ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఓబులేసు గుర్తుపెట్టుకోలేదు. సందులో కోళ్లు ఎత్తుకుపోయేవాళ్ల పేర్లు కూడా అతను గుర్తుపెట్టుకోడు.

"అంటే ఇన్నాళ్లూ మేము ఆయప్పల సొత్తు వాడుకుంటాంటిమా?" అన్నాడు. "మరి దగ్గు సంగతేంది? గడప కాడ దగ్గినా లోపలోళ్లకు కబురు అందుతాది. దాన్ని కూడా రాయించుకోమను."

ఎవాంజెలిన్ నవ్వింది. "అందుకే వచ్చాను అంకుల్. వాళ్లు పేటెంట్ తీసుకోకముందే జనం ఆ పని నలుగురికీ తెలిసేలా చేస్తున్నారని ప్రూవ్ చేస్తే చాలు, పేటెంట్ పోతుంది. నాకు వెంటనే ఆంటీ గుర్తొచ్చింది."

ఆంటీ అంటే సొన్నమ్మ, ఓబులేసు భార్య. కామెర్లతో పోయి రెండేళ్లు. మడివాళలో ఉద్యోగాలూ చదువులూ చేసుకునే ఆడపిల్లలుండే పీజీ హాస్టల్లో వంట చేసేది. ఒంగోలు నుంచి లా చదవడానికి వచ్చినప్పుడు ఎవాంజెలిన్ ఉన్నది అక్కడే. అంతస్తులన్నీ ఎక్కి తలుపులు కొట్టి పిలిచే ఓపిక సొన్నమ్మకు లేదు. మాట్లాడితే డబ్బు పోయే రోజులవి, మోగిస్తే పోయేది ఏమీ లేదు. అందుకని ఆమె ఒక ఏర్పాటు చేసింది. పిల్లల నంబర్లకు ఒకసారి మోగించి కట్ చేస్తే, టిఫిను వేడిగా ఉంది రమ్మని. రెండుసార్లు మోగిస్తే, గిన్నె ఖాళీ, ఇక రావద్దని. పిల్లలు ఫోను వైపు ఒక కన్నేసి పళ్లు తోముకునేవాళ్లు. వాళ్లను చూసి పాలవాడు నేర్చుకున్నాడు. కూరగాయలమ్మే పాపక్క నేర్చుకుంది. చివరికి సందు సందంతా నేర్చుకుంది. మొగుడూ పెళ్లాల మధ్య లెక్క వేరే ఉండేది. ఒకటైతే పనికి చేరినాను, రెండైతే ఎసరు పెట్టు, మూడైతే ఉన్నఫళంగా రా. మూడు సొన్నమ్మ ఎప్పుడూ మోగించలేదు. అంత అవసరం తనకు వచ్చిందని ఒప్పుకునే మనిషి కాదు.

"రెండు రింగులు ఇచ్చాక కూడా నాకోసం ఒక ప్లేటు దాచి ఉంచేది ఆంటీ," అంది ఎవాంజెలిన్. "నేను ఎప్పుడూ లేటే కదా."

"నాకు తెలుసు. ఆ ప్లేటు నాకు రావాల్సింది." ఓబులేసు ఆమె వైపు చూశాడు. "అయితే నువ్వే చెప్పు కోర్టులో. నీకు మోగింది గదా."

"నేను ఈ కేసులో లాయర్ని అంకుల్. సాక్షిగా నిలబడకూడదు."

"బాగుండాది. తిన్నోళ్లు సాక్ష్యం చెప్పకూడదు, వండినామె లేదు. ఇంక మిగిలింది నేను."

ఆమె బ్యాగులోంచి కాగితాలు తీసి మంచం మీద పెట్టింది. వాటి పక్కన వేలిముద్రకు ఇంకు డబ్బా పెట్టింది. ఓబులేసు డబ్బాను చూశాడు.

"ఇది ఎవురికి?"

"సారీ అంకుల్. ఆఫీసులో ఇచ్చి పంపారు."

"మీ ఆఫీసులో అంత చదువుకొని సంతకం నేర్వలేదా, పాపం. సరే, ముందు చదువు."

ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమె తెలుగు చేసి చెప్పుకుంటూ పోయింది. "నా భార్య, ఇంకా ఆ ప్రాంతంలోని నిరక్షరాస్యులైన కార్మిక మహిళలు..." అన్నచోట ఓబులేసు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా భార్యకు పేరు లేదా?"

"లీగల్‌గా అవసరం లేదు అంకుల్."

"నాకుండాది అవసరం."

హాస్టల్ పిల్లలకు ఆమె ఆంటీ. హాస్టల్ యజమానికి "ఏయ్". రేషన్ కార్డులో స్వర్ణమ్మ, ఓటరు కార్డులో సోనమ్మ. ఆమె పేరు సరిగ్గా పడిన కాగితం చావు సర్టిఫికెట్ ఒక్కటే. కంపెనీల్లో ఏది గెలిచినా ఓబులేసుకు ఒకటే, రెండూ ఓడితే ఇంకా మంచిది. కానీ నల్లకోట్లు వేసుకున్నవాళ్లలో ఎవడో ఒకడు లేచి నిలబడి, జడ్జి వినేట్టు, ఈ పని మొదట చేసింది సొన్నమ్మ అని చదవాలి. అది వినాలని అతనికి ఆ క్షణంలోనే ఆశ పుట్టింది. ఆశ పుట్టినందుకు తన మీద తనకే కోపం కూడా వచ్చింది.

"పేరు రాయి. జడ్జి ముందర చదువుతారా?"

"చదువుతారు అంకుల్. ప్రామిస్."

ఆమె పేరు చేర్చి, మళ్లీ అచ్చు వేయించుకుని సాయంత్రం వచ్చింది. ఓబులేసు తెలుగులో సంతకం పెట్టాడు. ఇంకు డబ్బా మూత తీయకుండానే బ్యాగులోకి పోయింది.

వాయిదా నాడు అతను పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కోర్టుకు వెళ్లాడు. వరండాకు ఆ పక్కన నల్ల డబ్బావాళ్ల లాయర్లు, ఈ పక్కన ఎర్ర డబ్బావాళ్ల లాయర్లు. బావి గట్టు మీద తగువుపడ్డ తోడికోడళ్లలా ఒకరినొకరు చూడకుండానే చూసుకుంటున్నారు. ఎర్ర డబ్బావాళ్ల సీనియరు పేరు వెంకటేశ్. బెంగళూరు పక్కనే హొసకోటె వైపు పాత తెలుగు కుటుంబం. అతను వచ్చి ఓబులేసు భుజం తట్టాడు.

"భయపడొద్దప్పా. నిజం నీ పక్కన ఉండాది. వాళ్లు పచ్చి దొంగలు. అడిగినదానికి మాత్రం చెప్పు."

"నేను భయపడతాండానని ఎవురు చెప్పినారు?"

వెంకటేశ్ భుజం మీద చెయ్యి తీసేశాడు.

కాసేపటికి అతనికి ఫోను వచ్చింది. అదే సమయానికి నల్ల డబ్బావాళ్ల సీనియరుకూ వచ్చింది. ఇద్దరూ మెట్ల దగ్గరికి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు ఒకరి వీపు మీద ఒకరి చెయ్యి ఉంది. ఆ పక్క జూనియర్లు ఈ పక్క జూనియర్లను చూసి పళ్లు బయటపెట్టారు. కేసు పిలిచారు. అందరూ లోపలికి వెళ్లారు, ఓబులేసు చొక్కా సర్దుకునే లోపల బయటికి వచ్చేశారు.

"ఎప్పుడు చదువుతారు?" అని ఎవాంజెలిన్‌ను అడిగాడు.

"సెటిల్ అయిపోయింది అంకుల్. కలిసిపోయారు." ఆమె ఫైలు ఛాతీకి అదిమి పట్టుకుంది. "వీళ్ల కెమెరా పేటెంట్ వాళ్లు వాడుకోవచ్చు, వాళ్ల రింగ్ పేటెంట్ వీళ్లు వాడుకోవచ్చు. కేసు లేదు."

దొంగలు దొంగలు కలిసి ఊళ్లు పంచుకున్నట్టు. ఓబులేసు పైకి అనలేదు. అనడానికి కూడా వాళ్లు తగరనిపించింది. ఇంటికి పోదామని తిరిగాడు.

"ఒక్క నిమిషం అంకుల్. సర్ క్యాంటీన్‌కి రమ్మన్నారు."

క్యాంటీన్‌లో ఇద్దరు సీనియర్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని దోసె తింటున్నారు. నల్ల డబ్బావాళ్ల సీనియరుకు తెలుగు రాదు. నవ్వడం మాత్రం వచ్చు, అదే పనిగా నవ్వాడు. ఓబులేసుకూ ఎవాంజెలిన్‌కూ కుర్చీలు వేశారు, ఇద్దరి ముందూ తీపి కేసరి బాత్ పెట్టించారు. ఆ పక్కన ఒక కాగితం. ఈసారి ఇంకు డబ్బా తేలేదు, మంచి పెన్ను తెచ్చారు.

"ఇంకొక్క చిన్న సంతకమప్పా. ఊరికే ఫార్మాలిటీ," అన్నాడు వెంకటేశ్.

"చదువు పాపా."

ఎవాంజెలిన్ తల ఎత్తకుండా చదివింది. "నా భార్య సొన్నమ్మ ఈ పద్ధతి వాడేదని నేను ఇంతకుముందు చెప్పింది జ్ఞాపకం మీద చెప్పిన మాట. వయసు వల్ల, భార్య పోయిన దుఃఖం వల్ల నా జ్ఞాపకం నమ్మదగినది కాదు. ఆమె అలా చేసిందని నేను కచ్చితంగా చెప్పలేను."

ఈసారి అడక్కుండానే పేరు రాశారు. అక్షరం తప్పు పోలేదు.

"కేసు అయిపోయిందంటిరే. మళ్లా ఇది ఎందుకప్పా?"

"అయిపోయింది. రేపు మూడో కంపెనీ ఒకటి వస్తాది. నీ కాగితం ఫైల్లో ఉండాది గదా, దాన్ని పట్టుకొని పేటెంటు కొట్టేయమంటాది. అప్పుడు ఇద్దరికీ కష్టం."

"పొద్దున వాళ్లను పచ్చి దొంగలంటివి."

"పొద్దున పేటెంటు వాళ్లదప్పా," అన్నాడు వెంకటేశ్, దోసె తుంచుకుంటూ. "ఇప్పుడు మాది కూడా."

నల్ల డబ్బావాళ్ల సీనియరు నవ్వుతూ బల్ల మీదికి నల్ల డబ్బా ఒకటి తోశాడు. వెంకటేశ్ దాని పక్కకు ఎర్ర డబ్బా తోశాడు. కొత్త ఫోన్లు.

"చెవికొకటా?" అన్నాడు ఓబులేసు. "మీకు బుద్ధి ఎక్కువ. రెండు చెవులుండాయని గుర్తుపెట్టుకున్నారు."

అతను ఎవాంజెలిన్ వైపు తిరిగాడు. "నా జ్ఞాపకం పోయిందంట. నీది చిన్న వయసు, నీకుంటాది. చెప్పు. ఆమె మోగించిందా, లేదా?"

ఎవాంజెలిన్ వెంకటేశ్ వైపు చూసింది. తర్వాత తన ప్లేటు వైపు చూసింది. "ఆంటీకి దీనివల్ల ఇప్పుడు నష్టమేముంది అంకుల్? ఉత్త కాగితమే కదా."

"ఉత్త కాగితానికి ఇంతమంది కలిసి నాకు కేసరి బాత్ పెట్టించినారా?"

ఆమె స్పూను చేతిలోకి తీసుకుంది. ఒక మనిషికి నోరు తెరవడానికి ఎంత సమయం చాలునో ఓబులేసు అంతా ఇచ్చాడు. తర్వాత పెన్ను మూత పెట్టి, కాగితాన్ని వెంకటేశ్ వైపు జరిపాడు.

"పెట్టను."

"మొండికేస్తే నీకు వచ్చేదేముందప్పా?"

"నేను ఇప్పుడే, మీ కండ్ల ముందర, మీ సొత్తు వాడతా. కేసు పెట్టండి నామీద. నన్ను బోనెక్కించండి. ఆ పేరు చదివేదానికి మీరెవురూ వద్దు, నేనే చదువుకుంటా."

వెంకటేశ్ ఆ మాట పక్క సీనియరుకు ఇంగ్లీషులో చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. "నీమీద ఎవురు కేసు పెడతారప్పా? నీమీద గెలిస్తే మాకేం వస్తాది?"

"అదే చెప్తాండా. ఏమీ రాదంటే మీ సొత్తు ఎవురు ఎత్తుకుపోయినా మీకు పట్టదు. అట్లాంటి సొత్తు అది."

అతను లేచాడు. రెండు డబ్బాలూ బల్ల మీదే ఉన్నాయి. కేసరి బాత్ ముట్టుకోలేదు. క్యాంటీన్ గుమ్మం దాకా వెళ్లి, ఆగి, చొక్కా జేబులోంచి పాత బటన్ల ఫోను తీశాడు. ఎవాంజెలిన్ మొదటిసారి వచ్చినప్పుడు ఇచ్చిన నంబరు అందులో ఉంది. నొక్కాడు.

బల్ల మీద ఆమె ఫోను మోగింది. కట్ చేశాడు. ఆమె ఫోను వైపు చూసి, చప్పున గుమ్మం వైపు చూసింది. ఇంకొకటి మోగుతుందేమోనని భయపడుతున్నట్టు ఆమె చెయ్యి ఫోను మీదికి వెళ్లింది. అతను మళ్లీ నొక్కాడు. రెండోసారి మోగింది. కట్ చేశాడు.

"ఎవురమ్మా? మాట్లాడు," అన్నాడు వెంకటేశ్.

ఎవాంజెలిన్ చేతిలోని స్పూను ప్లేటులో పెట్టేసింది. ఫోను ఎత్తలేదు.

ఎత్తాల్సిన పని లేదు. గిన్నె ఖాళీ, ఇక రావద్దన్న కబురు అందింది. ఈసారి దాచి ఉంచిన ప్లేటు కూడా లేదు. ఓబులేసు ఫోను జేబులో వేసుకుని మడివాళ బస్సు కోసం రోడ్డు దాటాడు.