కృష్ణను మోసిన చిల్లుచెంబు

నేను ఒక చిల్లుచెంబును. నవ్వకండి. మీరు కృష్ణానదిని గట్టున నిలబడి చూసి ఉంటారు. నేను దాన్ని కడుపున మోసి కన్నాను. నమ్మకపోతే రేగులపాడు హైస్కూలు ఏడో తరగతి పిల్లల్ని అడగండి.

కంచరి కొలిమిలోనే నాకు కుదురు లేదు. అడుగు వంకర పోయింది. ఎక్కడ పెట్టినా ఓ చుట్టు తిరిగిగాని ఆగను. పెళ్లికానుకగా ఓ ఇంటికి వెళ్లాను. అక్కడ మొగుడూపెళ్లాల తగువులో నన్ను విసిరితే గోడ బీటలిచ్చిందిగాని నాకు సొట్టయినా పడలేదు. చివరికి నూతిలో పడ్డాను. పైకి తీసేటప్పుడు పాతాళగరిగె కొక్కెం గుచ్చుకుని చిల్లు పడింది. అంతవరకూ లక్ష్మి అన్నవాళ్లే ఆ పూట నుంచి దరిద్రం అన్నారు. మనుషుల భక్తి నీళ్లు నిలిచినంతసేపే!

పాతసామాన్ల కొట్లోంచి నన్ను సోషల్ చెప్పే వనజాక్షి టీచరు తెచ్చింది. ఆవిడ పాఠం చదువుతుంటే పిల్లలు ఎంత నోరు తెరిచి ఆవలించేవారంటే, ఓ పిచ్చుక గూడనుకుని దూరబోయింది. ఒకరోజు ఆవిడ పుస్తకం మూసేసింది.

"నది పుస్తకంలో పారదర్రా. పదండి బయటికి."

బడి వెనక మట్టితో దేశపటం చేశారు. ఇటుక ముక్కలు పడమటి కొండలు, కుళాయి దగ్గరి గుంట బంగాళాఖాతం. కెజియా అనే పిల్ల నాతో మహాబలేశ్వరం దగ్గర నీళ్లు పోసింది. చిల్లు గనక వాన కురిసినట్టే ఉంది. కానీ కృష్ణ సగం దూరం వచ్చి వెనక్కి తిరిగింది. తిన్నగా హెడ్మాస్టరు పేరయ్యగారి వరండాలోకి పోయి, ఆయన చెప్పులు తేలించింది.

కారణం ఏమిటంటే, తమ ఊరు పల్లంలో ఉంటే పరువు తక్కువని పిల్లలు రేగులపాడును అన్ని కొండలకన్నా ఎత్తుగా కట్టారు!

"ఇది బడా, నారుమడా తల్లీ?" అన్నాడు పేరయ్యగారు, తడిసిన చెప్పులు చేత పట్టుకుని. "శనివారం ఎం.ఇ.ఓ. గారొస్తున్నారు. పిల్లలు జవాబు చెప్పలేదో, ఈ బురద చదును చేయించి నీ పీరియడ్లు లెక్కల మాస్టారికిచ్చేస్తా."

టీచరు నన్ను తీసుకుని లోపలికి నడిచింది. ఆ వారమంతా నన్ను కిటికీలో పెట్టడం, తీయడం. ఆవిడకీ నాకూ నిలకడ లేదు. పిల్లలు మాత్రం బుద్ధిగా తమ ఊరిని చేత్తో చెక్కి దించారు.

శనివారం ఎం.ఇ.ఓ. వీరభద్రంగారు వచ్చారు. "కృష్ణ ఎక్కడ పుట్టిందిరా?"

తెల్లచొక్కా చూసి పిల్లల నాలుకలు పిడచకట్టుకుపోయాయి. లెక్కల మాస్టారు మీసం దువ్వుకున్నాడు. ఇక నాకు ఆగలేదు. కిటికీలోంచి దూకాను. టీచరు మోచెయ్యి తగిలిందని కొందరంటారు, నమ్మకండి. కెజియా నన్ను అందుకుని, "చూపిస్తాం రండి సార్!" అని బయటికి పరుగెత్తింది.

మట్టిపటం మీద జట్లుగా నిలబడ్డారు: పైన మహారాష్ట్ర పిల్లలు, మధ్యలో కర్ణాటక, కింద మనవాళ్లు. చివరి కాలవ దగ్గర ఉండాల్సిన పిల్లకు జ్వరం.

"మీరు కాసేపు నిలబడతారా సార్?" అంది టీచరు.

ఆయన నవ్వుతూ ప్యాంటు మడిచి నిలబడ్డాడు. నేను కురిశాను. కర్ణాటకలో బాజీ అనే పిల్లాడు మట్టికట్ట వేశాడు. ఆ కింద ఇంకో కట్ట. ఆయన కాళ్ల దగ్గర చుక్క లేదు.

"ఒరేయ్, వదలరా నీళ్లు!"

"మాకే చాలట్లేదు సార్."

"మరి మేమేం కావాలిరా? నీళ్లందక మా నాన్న పొట్టకొచ్చిన వరిని పశువులకు వదిలేశాడు!"

ఆ గొంతు ఆటది కాదు. అందరూ చూశారు. ఆయనది నిజంగానే కాలవ చివరి ఊరు.

బాజీ తల గోక్కున్నాడు. "ముందే చెప్పొద్దా సార్? కూచోండి, మాట్లాడుకుందాం."

కూచున్నారు, ఎం.ఇ.ఓ.గారితో సహా, బురదలో. ఎవరికి ఎన్ని చెంబులో వాదులాట మొదలైంది. జవాబు చెప్పలేని పిల్లలే నది పుట్టుక నుంచి సముద్రం దాకా ఊరూరూ పేరుపెట్టి దెబ్బలాడారు.

పేరయ్యగారు వంగి, "సార్, ఈ బురద చదును చేయించమంటారా?" అన్నాడు.

"ఆగవయ్యా!" ఆయన తల తిప్పలేదు. "నీళ్లింకా మా ఊరు చేరలేదు."

ఆ బురద ఇప్పటికీ చదును కాలేదు. నా చిల్లే పెద్దదై, పోసేందుకు పనికిరాకుండా పోయాను. పిల్లలు నన్ను బోర్లించి పడమటి గట్టున పాతారు. ఇప్పుడు మహాబలేశ్వరం కొండను నేనే. కొత్త చెంబుతో నా నెత్తిన నీళ్లు పోస్తారు. నీళ్లు ఉరుకుతుంటే వెంట పోదామని కాలు నిలవదు. కొండలకు కాళ్లుండవని ఎవరన్నారో గాని, వాళ్లు కొండను అడగలేదు.