బస్సు తిరిగే చోటు

శుక్రవారం పొద్దునకి ఎదెల్మీరా ఇంటికి కిటికీలు లేవు. అద్దాలు పగులుతాయని ముందురోజే ఊడదీసి, కంబళ్ళు చుట్టి, చర్చి వసారాలో పెట్టి వచ్చింది. పొయ్యి దింపేశారు. ఎద్దులు లాగేటప్పుడు ఇల్లు మెలిపడకుండా గదుల్లో మూల నుంచి మూలకి దూలాలు బిగించారు. పసుపు రంగు చెక్కపెంకుల ఇల్లు రెండు పొడవాటి దుంగల మీద కూర్చుని, మూట కట్టుకుని పడవ కోసం చూస్తున్న మనిషిలా ఉంది.

తెల్లవారితే లాగుడు. గుట్ట మీద వీధివాళ్ళంతా ఎద్దులతో, మోకులతో దిగివచ్చి, ఆ ఇంటిని పైకి లాక్కుపోయి తమ మధ్య నిలబెట్టాలి.

చిలీ దేశపు చిలోయె దీవిలో ఇల్లు మారడమంటే సామాను మారడం కాదు, ఇల్లే కదులుతుంది. అయితే ఒక వీధి వీధంతా కదలడం ఎవరూ ఎరగరు. సముద్రపు ఒడ్డునున్న పెద్రెగాల్ వీధికి ఆ గతి పట్టింది. ఏటేటా చలికాలపు పోటు ఒక మెట్టు పైకెక్కుతూ వచ్చింది. ఊరు చూస్తే చేపల ఫ్యాక్టరీల పుణ్యమా అని పట్టపగ్గాలు లేకుండా పెరిగింది. ఒడ్డునున్న ఒక్క రోడ్డు మీద బస్సులు సగం రోజు నీళ్ళలో, సగం రోజు లారీల వెనక నిలబడేవి. చివరికి మునిసిపాలిటీ వాళ్ళు మీటింగు పెట్టి ఊరికి కొత్త ప్లాను చెప్పారు. ఒడ్డు సముద్రానికి వదిలేస్తారట. ఇళ్ళు గుట్ట ఎక్కాలి, ఏదో ఒకనాడు బస్సూ ఎక్కుతుంది. కావాలంటే అపార్ట్‌మెంటు ఇస్తారు, లేదా సొంత ఇల్లు లాక్కుపోయి పెట్టుకోవడానికి స్థలం ఇస్తారు.

ఆ రోజు లేచి నిలబడి మాట్లాడింది ఎదెల్మీరాయే. "అపార్ట్‌మెంట్లు వద్దు. ఇక్కడ ఎవరి పక్కన ఎవరం ఉన్నామో, అక్కడా అలాగే ఉండాలి. లేకపోతే నేను కదలను" అంది. వీధంతా చప్పట్లు కొట్టింది. ఆమె సంగతి అందరికీ తెలుసు. భర్త గొర్రెల ఉన్ని కత్తిరించే పనికి ఏటా అర్జెంటీనా వైపు వెళ్ళేవాడు, ఒక ఏడు వెళ్ళినవాడు ఇక తిరిగి రాలేదు. అప్పటినుంచి ఎవరు రేవుకి బయలుదేరినా ఆమె వెంట మలుపుదాకా నడిచేది. పక్కింటివాళ్ళు సంతకి వెళ్ళినా వాకిట్లో నిలబడి చూసేది.

ఇళ్ళు లాగే వరసలో ఆమెది రెండో వంతు. కానీ రొసెందా ఇంటి నేల ఉప్పునీటికి కుళ్ళి, అడుగేస్తే దిగబడుతోంది. ఎదెల్మీరా కూతురికి జ్ఞానస్నానం చేయించిన జ్ఞానతల్లి రొసెందా. అప్పటినుంచి ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రే అనే పిలుచుకుంటారు. తోబుట్టువుల కంటే ఎక్కువ. "నువ్వు ముందు పో కొమాద్రే, నా నేల ఇంకా గట్టిగానే ఉంది" అంది ఎదెల్మీరా. అలా అందరూ వెళ్ళారు. ఆమె ఇల్లు చివరికి మిగిలింది.

ఈ వేసవిలో ఆమె ఆచారం ప్రకారం వేడుకోలుకి వెళ్ళింది. ప్రతి గడప ముందూ నిలబడి, "దేవుడి ప్రేమకొద్దీ వచ్చి నా ఇంటికి ఒక చెయ్యి వెయ్యండి" అని అడగాలి. తను వెంట తెచ్చిన చిచా, అంటే ఆపిల్ పళ్ళ కల్లు, పోస్తే అవతలివాళ్ళు తాగడమే మాట ఇచ్చినట్టు. ప్రతి ఇంట్లోనూ పోసింది, ప్రతి ఇంట్లోనూ తాగారు. రొసెందా అయితే రెండోసారి కూడా నింపుకుని, "నా ఎద్దులే ముందు కాడి కొమాద్రే" అంది.

శుక్రవారం మధ్యాహ్నం, దారిలో రాళ్ళేమైనా ఏరాలేమో చూసి వద్దామని ఎదెల్మీరా గుట్ట ఎక్కింది. సగం దూరం పోయేసరికి ఇళ్ళు లాగిన మట్టి బాట లేదు. కంకర పరిచి, రోలరుతో తొక్కించి, నల్లగా తారు పోస్తున్నారు. అడ్డంగా కాలవ తవ్వి ఉంది. రెండు పక్కలా కొత్త స్తంభాలు, వాటి మధ్య ఇంటి కప్పు తగిలేంత ఎత్తులో తీగలు.

"పక్కకి జరగమ్మా, కాళ్ళు అంటుకుంటాయి" అన్నాడు రోలరు మీది మనిషి.

"రేపు ఈ దారినే ఇల్లు రావాలయ్యా."

"ఇల్లా?" అతను పకపకా నవ్వాడు. "వచ్చేది బస్సు. చలికాలంలోగా కావాలని ఈ గుట్టమీదవాళ్ళే మీటింగులో చేతులెత్తి మరీ అడిగారు. దారి ఇప్పుడే అప్పగిస్తే ఈ ఏడే, లేకపోతే ఎప్పుడో అన్నారట ఆఫీసులో."

ఎదెల్మీరా ఆ తారు పక్కన గడ్డి పట్టుకుని పైకి పాకింది. రొసెందా వాకిట్లో బంగాళాదుంపలు తురుముతోంది. రేపటి లాగుడు విందుకి కాదు, మామూలు వంటకే. గిన్నె చిన్నది.

"చెయ్యెత్తావా?" అంది ఎదెల్మీరా.

రొసెందా తురమడం ఆపలేదు. "కూర్చో కొమాద్రే. ఆయాసపడుతున్నావు."

"ఎత్తావా, లేదా?"

"ఎత్తాను. నా మోకాలు చూశావా? కిందటి చలికాలం డాక్టరు దగ్గరికని బురదలో జారి, సగం దారి కూర్చునే దిగాను. పాలు కావాలంటే దిగాలి, మందులు కావాలంటే దిగాలి. నువ్వు కింద ఉన్నావు, నీ గుమ్మం ముందే బస్సాగుతుంది. నీకేం తెలుసు?"

"నీకు నా వంతు ఇచ్చాను కనకే కింద ఉన్నాను."

రొసెందా ఇంకో దుంప అందుకుంది.

"పోనీ చెయ్యెత్తావు. చెయ్యెత్తిన దానివి నా చిచా ఎందుకు తాగావు? మొన్ననేగా, ఇదే గుమ్మంలో!"

"వేడుకోలుకి వస్తే కాదని ఎవరు మాత్రం ఎలా అంటారు?" అంది రొసెందా. "మా అమ్మ అనలేదు, మా అమ్మమ్మ అనలేదు. నువ్వు వచ్చి చేతులు కట్టుకుని నిలబడితే నా నోరు పెగల్లేదు. నీకే తెలుస్తుందిలే, ఎవరో చెబుతారులే అనుకున్నాను. అందరమూ అలాగే అనుకున్నాం."

"అందరూ తాగారు."

"అందరమూ తాగాం."

ఎదెల్మీరాకి నవ్వు లాంటిదేదో వచ్చింది. "ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ళని చూశాను గానీ, తగలేస్తూ ఇంకొకరిని ఎక్కమని పిలిచినవాళ్ళని ఇప్పుడే చూడటం. సరే, దారి పోయింది. నా స్థలం చూసి పోతాను. చెక్కలు విప్పి మోసుకొచ్చైనా అక్కడే కట్టుకుంటాను."

రొసెందా ఈసారి తురుము పీట కింద పెట్టింది. "అటు వెళ్ళకు కొమాద్రే."

కానీ ఎదెల్మీరా అప్పటికే ఇంటి మలుపు తిరిగింది. రొసెందా ఇంటికీ అవతలి ఇంటికీ మధ్య తనకని ఉంచిన ఖాళీ జాగా ఖాళీగా లేదు. గుండ్రంగా చదును చేసి, కంకర పోసి, చుట్టూ తెల్లసున్నంతో గీత గీశారు.

"బస్సు తిరగాలంటే చదునైన చోటు కావాలన్నారు," వెనకనించి రొసెందా అంది. "గుట్టంతా వాలే కదా. నీకు అపార్ట్‌మెంటులో కింది అంతస్తు ఇప్పించమని మేమందరం గట్టిగా చెప్పాం. పెద్దామె, మెట్లు వద్దని చెప్పాం."

ఎదెల్మీరా ఆ తెల్లగీత వెంట ఒక చుట్టు నడిచింది. పోయినవాళ్ళ కోసం ఏడవడం ఆమెకి చేతనవును. కానీ వీళ్ళెవరూ ఎక్కడికీ పోలేదు. పొయ్యిలు రాజేసుకుని, పేర్లు పెట్టి పిలిస్తే పలికేంత దగ్గరలో ఉన్నారు. ఎవరినీ పిలవకుండా ఆమె దిగిపోయింది.

కింద దుంగలకి కొవ్వు పూస్తున్న దోన్ బెలార్మీనో ఆమె ముఖం చూసి డబ్బా పక్కన పెట్టాడు. ఇళ్ళు లాగించడంలో ఆయన్ని మించినవాడు లేడు, ఉండేది వేరే పేటలో. ఆమె చెప్పినదంతా విని, దుంగ మీద చెయ్యి వేశాడు.

"దుంగల మీదికి ఎక్కించిన ఇంటిని మళ్ళీ కిందికి దించకూడదమ్మా. నా చేత్తో నేను దించను," అన్నాడు. "అయినా దారి ఒకటే ఉందా? సముద్రానికింకా తారు వెయ్యలేదుగా."

"ఎక్కడికి?"

"ఎదుటి దీవిలో మీ అమ్మ జాగా ఉందిగా. గొర్రెలు మేస్తున్నాయి. మా బావమరదులవి మూడు పడవలున్నాయి. ఇంటి చుట్టూ కట్టి తేల్చడానికి చేపల పెంపకం దగ్గర పారేసిన పీపాలు కావలసినన్ని. రేపు మధ్యాహ్నం పెద్ద పోటు. కాకపోతే నువ్వు వేడుకోలు చెయ్యాలి."

అక్కడ బస్సు లేదు, ఆసుపత్రి లేదు. చలిగాలి వీస్తే వారాల తరబడి పడవ కూడా ఉండదు. కానీ అక్కడ ఆమెకి మాటిచ్చినవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఎదెల్మీరా లేచి, చేతులు కట్టుకుని, ఆయన ముందు నిలబడి అడిగింది. ఇంట్లో ఆయనకి పొయ్యడానికి నీళ్ళే ఉన్నాయి. నీళ్ళే తాగాడు.

శనివారం పొద్దున గుట్టమీదవాళ్ళు దిగివచ్చారు. పీపాల సంగతి రాత్రే పాకిపోయింది. ఎద్దులతో, మోకులతో వచ్చి, దూరంగా ఆగి, ఒకరి భుజం వెనక ఒకరు నిలబడ్డారు. ముందున్నది రొసెందా.

"మాటిచ్చాం కదా," అంది. "ఎటు లాగమంటే అటు లాగుతాం."

బెలార్మీనో ఎదెల్మీరా వైపు చూశాడు. కాదంటే ఉన్న మనుషులతో ఇల్లు నీటిదాకా వెళ్ళదు. ఆమె తల ఊపింది.

లాగారు. మామూలుగా ఇల్లు కదలగానే కేకలు, ఈలలు, బూతు పాటలు. ఆ రోజు గులకరాళ్ళ మీద దుంగల చప్పుడు, బెలార్మీనో అదిలింపు తప్ప ఏమీ లేదు. పోటు వచ్చి పీపాలను ఎత్తింది. ఇల్లు ఒకసారి ఒరిగి, సర్దుకుని, తేలింది. ఎదెల్మీరా, బెలార్మీనో ఇంటి పక్కనున్న పడవ ఎక్కారు, పడవలు మోకులందుకున్నాయి.

అందరూ వెనక్కి తగ్గారు. రొసెందా మాత్రం నడుం లోతు నీళ్ళలో తన మోకు పట్టుకునే ఉంది.

"అక్కడ నీకు జ్వరమొస్తే ఎవరున్నారే?" అని అరిచింది. "ఉండిపో! బస్సు ఇంకో చోట తిప్పమని అడుగుతాం, మళ్ళీ మీటింగు పెడతాం, నేనే లేచి అడుగుతాను!"

పడవలోంచి ఎదెల్మీరా ఆమెను చూసింది. చెప్పింది అబద్ధమని కూడా అనిపించలేదు. నిజంగానే లేచి అడుగుతుంది. అందరూ సరేనంటారు. ఎవరూ కాదనరు.

"మోకు వదులు," అంది ఎదెల్మీరా. "ఇల్లు పక్కకి లాగేస్తోంది."

రొసెందా వదల్లేదు. ఇంటి మూల నెమ్మదిగా ఆమె వైపు తిరగసాగింది. ఎదెల్మీరా బెలార్మీనో నడుం నుంచి కత్తి తీసుకుని, పడవ అంచుమీద వంగి, ఇంటి దుంగకి కట్టిన ఆ మోకును తన వైపు చివర కోసేసింది. మందమైన మోకు. రెండు చేతులా ఒత్తి, చాలాసేపు కొయ్యవలసి వచ్చింది.