డెల్ఫీన్ నానమ్మ విస్కీ

పేపర్లో ఆ ఫొటో చూసేసరికి జెనీవా గ్రీన్‌వెల్ కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. ముప్ఫై ఏళ్లుగా స్నేహితురాలైన డెల్ఫీన్ సీసిల్ పెదాలకు ఎర్రరంగు పూసుకుని, చేతిలో గ్లాసు పట్టుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. "నానమ్మ చేతి రుచి" అని పైన పెద్దక్షరాలు. డెల్ఫీన్ చేసే అక్రోటు ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ పానీయం ఇకమీదట ఊరి డిస్టిలరీ బార్లో దొరుకుతుందని కింద వార్త.

నానమ్మట! డెల్ఫీన్ నానమ్మ సిన్సినాటిలో ఆడవాళ్ల టోపీలు కుట్టి బతికింది. పక్కింట్లో విస్కీ సీసా మూత తీస్తే తన ఇంట్లో కిటికీలు మూసేసుకునేదని డెల్ఫీనే ఎన్నోసార్లు చెప్పి నవ్వించింది.

ఆ పానీయం హార్లన్‌ది. జెనీవా మొగుడు. బర్బన్ విస్కీ పోసే పీపాలు చేసే కార్ఖానాలో ముప్ఫై ఒక్కేళ్లు పనిచేశాడు. పెళ్లయిన కొత్తలో పెరటి నల్ల అక్రోట్లు కుప్పలుగా రాలి వృథాగా పోతుంటే చూడలేక, వాటితో ఏదో ఒకటి చేయాలని పట్టుబట్టాడు. మూడేళ్లు పాడుచేశాడు. ఒకసారి చేదు, ఒకసారి గడ్డివాసన, ఒకసారి బూజు. నాలుగో ఏట కుదిరింది. ఒలిచిన పప్పును ఇనప పెనం మీద సన్నసెగన వేయించి, వేడి మీదే బర్బన్‌లో పడేసి తొమ్మిది రోజులు ఉంచాలి. పాత దిండు గలీబు గుడ్డలో వడకట్టాలి. పంచదార బదులు చెంచాడు జొన్నపాకం, బిటర్స్ అనే చేదు ద్రావకం నాలుగు చుక్కలు, ఒక పెద్ద మంచుగడ్డ, పైన నారింజ తొక్క పిండి వదిలేయాలి. ప్రతి ఏడూ పెళ్లిరోజు సాయంత్రం వెనక వసారాలో కూర్చుని చెరో గ్లాసు తాగేవాళ్లు. హార్లన్ పోయాక జెనీవా ఆ పద్ధతి మానలేదు. రెండో కుర్చీలో డెల్ఫీన్ కూర్చునేది.

మార్చి నెలలో జెనీవా మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో నెలన్నర. ఇంటి తాళం డెల్ఫీన్ దగ్గరే ఉండేది. రోజూ సూపు తెచ్చేది, దిండు సర్దేది, కబుర్లు చెప్పేది. ఒకరోజు, "హార్లన్ గ్లాసు ఎలా చేస్తావే? ఈ పెళ్లిరోజుకి నేనే చేసి తెస్తాను, నువ్వు లేవలేవుగా" అంది. మందుల మత్తులో జెనీవాకి కళ్లు చెమర్చాయి. వంటింటి అలమరలో, జాడీలో ఒలిచిన పప్పుందని చెప్పి, అక్కణ్ణుంచి పెనం, తొమ్మిది రోజులు, జొన్నపాకం, అన్నీ వరసగా చెప్పింది.

పెళ్లిరోజుకి డెల్ఫీన్ రాలేదు. జలుబు అంది. ఇప్పుడు ఈ ఫొటో.

జెనీవా ఫోన్ తీసింది.

"పేపర్ చూశాను."

"చూశావా! నా మొహం ఉబ్బినట్టు లేదూ?"

"హార్లన్ పేరు ఎక్కడా లేదే?"

"అబ్బ, జెనీవా, వాళ్లకి నానమ్మ కథ కావాలిట. అలా అయితేనే జనానికి నచ్చుతుందిట. అయినా పోయినాయనకి పేరెందుకే? నీకా, కర్ర లేకుండా గుమ్మం దాటే ఓపిక లేదు. నేనైతే నలుగురిలో నిలబడగలను. ఆ రుచి పదిమందికి తెలిసిందని సంతోషించాలి గానీ."

జెనీవా ఫోన్ పెట్టేసింది. ఏడవలేదు. ఏడుపొస్తే బాగుండుననుకుంది. ఏడుపు బదులు రొమ్ములో బొగ్గు రాజుకున్నట్టు మంట మొదలైంది. వేసవంతా ఆరలేదు. వ్యాయామం చేయించే నర్సు "ఇంకో పదడుగులు" అంటే ఇరవై వేసేది. "ఎవరి మీద కోపమండీ ఇంత?" అని నర్సు నవ్వేది.

ఈలోగా డెల్ఫీన్ కథ రోజురోజుకీ లావెక్కింది. రేడియోలో నానమ్మకి పొగాకు తోట వచ్చింది. ఇంకో పత్రికలో నానమ్మకి గుడ్డి గుర్రం వచ్చింది. ఆగస్టులో మరో మాట కూడా అనేసింది: "ప్రతి కాయా నేనే ఏరి, నేనే తొక్క తీసి, నా ఈ రెండు చేతులతోనే పగలగొడతాను, అచ్చం మా నానమ్మలాగే."

అది చదివి జెనీవా పకపకా నవ్వింది. చాలా నెలల తర్వాత అదే మొదటి నవ్వు.

అక్టోబరులో చర్చి పిక్నిక్. ఓక్ చెట్ల కింద బర్గూ అనే మాంసం పులుసు కాగులు ఉడుకుతున్నాయి, పొగ కళ్లల్లో పడుతోంది, ఊరంతా అక్కడే. మధ్యాహ్నం మూడింటికి డెల్ఫీన్ వేదికెక్కింది. మీగడరంగు సూటు, మెడలో ముత్యాలు. పక్కన డిస్టిలరీ పెద్దాయన ఎమ్మెట్ హేగన్. ముందు రెండొందల మంది.

డెల్ఫీన్ ఒలిచిన పప్పు గిన్నె పైకెత్తి చూపించింది. "ఇదంతా నా చేతుల కష్టమే!"

మొదటి వరసలోంచి జెనీవా లేచింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో రేకు బకెట్. మెట్లెక్కుతుంటే ఎవరో సాయం పట్టబోయారు, వద్దంది. బకెట్ బల్ల మీద పెట్టి పైగుడ్డ తీసింది. పొద్దున రాలిన నల్ల అక్రోట్లు, పచ్చటి తొక్కలతో, టెన్నిస్ బంతులంత ఉన్నాయి.

"డెల్ఫీన్, మీ నానమ్మ వీటిని ఎలా ఒలిచేదో మాకూ ఒకసారి చూపించవే. నేను ముసలిదాన్నైపోయాను, మరిచిపోయాను."

జనంలో కిసుక్కుమన్నారు. ఆ తొక్క రసం అంటితే నెలయినా వదలదని ఆ కౌంటీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. డెల్ఫీన్‌కీ తెలుసు. ఆమె మొహంలో రంగు దిగిపోయింది.

"చేతితొడుగులు తేలేదు నేను..."

"మీ నానమ్మ తొడుక్కునేదా?"

"కానీయమ్మా డెల్ఫీన్!" అని కాగుల దగ్గర్నుంచి ఎవరో అరిచారు. ఇంకెవరో ఈల వేశారు. ఎమ్మెట్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

డెల్ఫీన్ జెనీవా కళ్లలోకి చూసింది. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది. జెనీవాకి అర్థమైంది. అర్థమై, బకెట్‌ని ఇంకో జానెడు ముందుకి తోసింది.

డెల్ఫీన్ ఒక కాయ తీసి గోళ్లతో గీరింది. తొక్క మెత్తబడి రసం కారింది. ముందు పసుపు, చూస్తుండగానే గోధుమరంగు, ఆపైన నలుపు. ఒకటి ఒలవడానికి అయిదు నిమిషాలు పట్టింది. రసం చిమ్మి సూటు రొమ్ము మీద పెద్ద మచ్చ పడింది. బల్ల మీదున్న, కాయలు పగలగొట్టే నట్‌క్రాకర్‌లో పెట్టి నొక్కితే నట్‌క్రాకరే రెండు ముక్కలయింది, కాయ మాత్రం అలాగే ఉంది. ఇంతసేపూ ఆపుకున్న జనం ఒక్కసారిగా ఘొల్లుమన్నారు.

ఎమ్మెట్ నవ్వలేదు. నెమ్మదిగా అడిగాడు. "తొక్క తీశాక ఎన్నాళ్లు ఆరబెడతారు, మిస్ డెల్ఫీన్?"

డెల్ఫీన్ నుదురు తుడుచుకుంది. నుదుటికీ నలుపు అంటింది. "ఆరబెట్టడమేంటి? తాజాగానే వేయించేస్తాం. అదే మా నానమ్మ రహస్యం."

"తాజాగానా!" అంది వెనకనుంచి ఒక ముసలావిడ. "మూడు వారాలు అటక మీద ఆరకపోతే అది పప్పా, పచ్చగడ్డా?"

"అయితే ఇది ఎవరి పానీయం?" అన్నాడు ఎమ్మెట్.

"హార్లన్ గ్రీన్‌వెల్‌ది," అంది జెనీవా. "మీ డిస్టిలరీ పక్కనే పీపాల కార్ఖానాలో పనిచేసినవాడు. ఈమె నేను మంచంలో ఉన్నప్పుడు నా నోట్లోంచి తీసుకుంది. నా అలమరలోంచి జాడీ కూడా తీసుకుంది."

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. డెల్ఫీన్ చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియక, సూటుకి ఆనించకుండా గాల్లో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

హార్లన్ పేరు పెట్టి బార్లో కొనసాగిస్తామని ఎమ్మెట్ అన్నాడు. జెనీవా ఒప్పుకోలేదు. "మా ఇద్దరి కోసం చేసుకున్నాడండీ. ఊరి కోసం కాదు." వారంలో బార్ పలక మీంచి ఆ పానీయం పేరు పోయింది.

తర్వాతి ఆదివారం చర్చిలో ప్రసాదం కోసం అరచేతులు చాపిన వరసలో అక్రోటు మరకతో నల్లబడ్డ చేతులు రెండే. జెనీవా సరిగ్గా డెల్ఫీన్ వెనకే నిలబడింది. తల వంచుకోవలసిన చోట తల ఎత్తుకుని, ఆ చేతుల్నే చూసింది. తన నాలుక మీద ప్రసాదం ఆ రోజు తియ్యగా అనిపించింది. పాపమనిపించిందా అంటే, లేదు.

గురువారం మధ్యాహ్నం డెల్ఫీన్ గుమ్మంలోకి వచ్చింది.

"నిమ్మకాయ, బ్లీచింగ్, కిరసనాయిలు, అన్నీ రుద్దాను. పోవడం లేదే."

"పోదు."

"నాతో విడిగా చెప్పొచ్చు కదా, జెనీవా. అంతమందిలోనా?"

"పేపర్లో వేయించుకునేముందు నువ్వు విడిగా అడిగావా? అడిగుంటే ఇచ్చేదాన్ని. పేరుతో సహా ఇచ్చేదాన్నేమో."

"నన్ను క్షమించవే."

జెనీవా ఆ చేతుల వంక చూసింది. గోళ్లచుట్టూ పగుళ్లలో నలుపు ఇంకా చిక్కగానే ఉంది. "నా ఇంటి తాళం నీ దగ్గరుంది," అంది.

డెల్ఫీన్ సంచీలోంచి తీసి ఇచ్చింది. జెనీవా తలుపు వేసేసుకుంది.

జెనీవా వంటింట్లోకి వెళ్లి గ్లాసు కలుపుకుంది. అటక మీద మిగిలిన నిరుటి కాయల పప్పుతో తొమ్మిది రోజులు నానబెట్టిన బర్బన్, జొన్నపాకం, బిటర్స్, మంచుగడ్డ. నారింజ తొక్క పిండి అంచుకి రాసింది. ఒక్క గుక్క తాగింది. ఇంత బాగా ఏ ఏడూ కుదరలేదు. నట్‌క్రాకర్ రెండు ముక్కలైన ఆ క్షణం గుర్తొచ్చి ఒంటరిగా గట్టిగా నవ్వింది. ఆ సంగతి ఎవరికైనా వివరంగా, మొదటినుంచీ చెప్పాలనిపించి ఫోన్ దగ్గరికి నడిచింది. నంబరులో మూడంకెలు నొక్కాక గానీ అది ఎవరి నంబరో గుర్తుకు రాలేదు.

ఫోన్ పెట్టేసింది. గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి కలుపుకుంది.