ఆ పద్దెనిమిది బైట్లు

బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు ప్రోగ్రాం చిప్‌లో పట్టింది. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. జయశ్రీ కొట్టలేదు.

నిన్నటిదాకా ఆ ప్రోగ్రాం చిప్‌లో ఉన్న చోటుకంటే పన్నెండు బైట్లు పెద్దది. ఇవాళ ఆరు బైట్లు మిగిలాయి. అంటే రాత్రికి రాత్రి పద్దెనిమిది బైట్లు ఎటో పోయాయి. ఎటు పోయాయో తెలియకుండా సంతకం పెట్టే మనిషి కాదామె. కాగితం మీద ఆమె సంతకమే కావాలి.

టాలట్ అనే ఐరిష్ ఊళ్లో ఆ ఆఫీసు చిన్నది, ఏడుగురు. మనుషులు రాసిన ప్రోగ్రాంను చిప్‌కు అర్థమయ్యే అంకెల్లోకి మార్చే కంపైలర్లు తయారుచేస్తారు. మామూలు చిప్‌లకు కంపైలర్లు ఎక్కడైనా దొరుకుతాయి. ఎవరూ పట్టించుకోని చిప్‌ల కోసమే జనం ఇక్కడికి వస్తారు. ఈసారి వచ్చింది వాటర్‌ఫోర్డ్‌లో పంపులు చేసే ఒక కంపెనీ. ఆసుపత్రి మంచం పక్కన స్టాండుకు తగిలించి, రోగి నరంలోకి మందు కొలిచి పంపే పెట్టెలవి. పాత చిప్ తయారీ ఆగిపోయింది. పాత ప్రోగ్రాంను కొత్త చిప్‌కు మార్చాలి. పాతది ఏం చేసేదో కొత్తదీ అదే చేస్తుందని జయశ్రీ రాసివ్వాలి. ఆ కాగితం చేరితే రేపు నలభై పంపుల్లోకి ఎక్కిస్తారు. సోమవారానికి అవి వార్డుల్లో ఉంటాయి.

మేనేజరు గిరీష్ ఆమెకంటే ఆరేళ్లు చిన్న. కరీంనగర్ వాడు. వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"అక్కా, సంతకం పెట్టినవా? పంపుల కంపెనీ దేవకుమారి ఆంటీ లువాస్ ట్రామ్ ఎక్కిందట. కాగితం తీస్కొని మల్ల వాటర్‌ఫోర్డ్ ట్రైన్ పట్టాలె."

"పద్దెనిమిది బైట్లు ఎక్కడికెళ్లాయి గిరీష్?"

"నువ్వు రాసిన దాంతోనే పోయినయ్ గదా! పనికిరాని లెక్కలు తీసేసే ముక్క. మస్తు పనిచేసింది."

"అదే నా భయం. రాసింది నేనే కదా."

"ఆరువందల పన్నెండు టెస్టులు పాసైనయ్ అక్కా. ఇంకేం గావాలె?"

జయశ్రీ తెర వైపు తిరిగింది. కంపైలర్ ఏమేం తీసేసిందో ఒక జాబితా రాస్తుంది. ఎవరూ చదవరు. ఆమె చదివింది. నిన్నటి జాబితాకూ ఇవాళ్టి జాబితాకూ తేడా ఒక్క వరుస. పన్నెండు వేల దాకా లెక్కపెట్టమని ప్రోగ్రాంలో ఒకచోట ఉంది. లెక్కపెట్టి ఏం చేయాలో లేదు. ఫలితం లేని పని కాబట్టి ఆమె రాసిన ముక్క దాన్ని తీసేసింది. పద్ధతి ప్రకారం సరైన పనే.

మొదట ఆ ప్రోగ్రాం రాసిన ఐరిష్ పెద్దాయన రిటైరై పదేళ్లయింది. ఆ వరుస పక్కన రెండు మాటలు రాసిపెట్టాడు. ఫన్ లెష్. ఇంగ్లీషు కాదు. జయశ్రీ ఆ మాటలు ఫోటో తీసి కూతురు ఐశ్వర్యకు పంపింది. ఆడమ్స్‌టౌన్‌లో బడి వదిలి అరగంటయింది. వెంటనే జవాబొచ్చింది.

"ఇట్స్ ఐరిష్, మామ్. వెయిట్ ఫర్ ఇట్. వి డిడ్ దట్ ఇన్ థర్డ్ క్లాస్."

దానికోసం ఆగు. దేనికోసం?

కింది వరుసలో మోటారు తిప్పమని ఉంది. పై వరుసలో వాల్వు మూయమని ఉంది. 'మొదలు' మీట నొక్కగానే మోటారు ఒక చుట్టు ఉత్తినే తిరిగి తన చోటు సరిచూసుకుంటుంది. ఆ చుట్టు తిరిగేటప్పుడు గొట్టంలోని వాల్వు మూసి ఉండాలి. వాల్వు మూసుకోవడానికి అర సెకను పడుతుంది. పన్నెండు వేలు లెక్కపెట్టడానికి పాత చిప్‌కు పట్టేదీ అర సెకనే.

"టెస్టులు దేని మీద చేశాం?" అంది జయశ్రీ.

"కంప్యూటర్ల ఉన్న పంపు మీద."

"అందులో వాల్వు ఎంతసేపటికి మూసుకుంటుంది?"

"చెప్పంగనే."

"నిజం పంపు కావాలి."

"టీ కప్పుల ప్రెస్‌ల ఉన్నది, గదే అల్మారల," అన్నాడు గిరీష్. తనే వెళ్లి, కప్పులు పక్కకు జరిపి, పంపు తెచ్చాడు.

కొత్త ప్రోగ్రాం ఎక్కించారు. సంచిలో కుళాయి నీళ్లు పోశారు. గొట్టం కొసను కొలగ్లాసులో పెట్టారు. గిరీష్ మాన్యువల్ తెరిచి, అందులో ఉన్నట్టే 'ఆపు' నొక్కాడు. ఐదు సెకన్లు ఆగాడు. 'మొదలు' నొక్కాడు. గ్లాసులో అదనంగా ఒక్క చుక్క పడలేదు. మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అంతే.

"చూసినవా? పెట్టు సంతకం."

జయశ్రీ పెన్ను తీసింది. అప్పుడే దేవకుమారి లోపలికొచ్చింది. బాపట్ల మనిషి, పన్నెండేళ్లు వార్డు నర్సు. ఇప్పుడు పంపుల కంపెనీ తరఫున నర్సులకు పంపు వాడటం నేర్పుతుంది. కోటు తీయకుండా అక్కడే ఆగింది.

"ఏందయ్యా, ప్రార్థనలో నిలబడ్డట్టు నిలబడ్డారు?"

"ఐదు సెకన్లు ఆగుతున్నం ఆంటీ. మాన్యువల్ల ఉన్నది."

"ఆ మాన్యువల్ రాసింది నేనే. అట్టా ఎవురూ నొక్కరు."

"మరి ఎలా నొక్కుతారండి?" అంది జయశ్రీ.

"అలారం మోగిందంటే పక్క బెడ్డాయన లేచి కూర్చుంటాడమ్మా. నువ్వు లెక్కలేసుకుంటా నిలబడతావా? ఇట్టా." దేవకుమారి రెండు వేళ్లతో 'ఆపు', 'మొదలు' టకటకా నొక్కింది.

'ఆపు'తో మూసుకోవడం మొదలైన వాల్వుకు ఈసారి అర సెకను దొరకలేదు; గొట్టంలోంచి నీళ్లు చిమ్మాయి. కొలగ్లాసులో రెండు మిల్లీలీటర్లు. ఆ పంపు గంటంతా పంపాల్సిన మందు అది.

గిరీష్ గ్లాసు చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. "ఇది గుండె మందైతే?"

"ఎక్కువగా గుండె మందే పెడతాం దీంట్లో," అంది దేవకుమారి. ఆ తర్వాత కోటు తీసి కుర్చీకి తగిలించింది. "ఇంక ట్రైన్ పోయినట్టే. టీ ఉందా?"

జయశ్రీ పెన్ను మూత పెట్టేసింది. "వాటర్‌ఫోర్డ్‌కి ఫోన్ చెయ్యి గిరీష్. పంపులు ఆపమను. తప్పు కంపైలర్‌దని చెప్పు. కంపైలర్ ఎవరిదని అడిగితే నా పేరు చెప్పు."

గిరీష్ ఫోన్ చేశాడు. వాళ్లు అడగలేదు. అయినా చెప్పాడు.

తప్పు దిద్దడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ లెక్క జోలికి పోవద్దని కంపైలర్‌కు ఒక్క మాట. కొత్త చిప్ మూడింతలు వేగం కాబట్టి పన్నెండు వేలను జయశ్రీ ముప్పయ్యారు వేలు చేసింది. ప్రోగ్రాం మళ్లీ పన్నెండు బైట్లు పెద్దదైంది. చిప్‌లో పట్టలేదు.

ముగ్గురూ ప్రోగ్రాంను వరుసవరుసా చూశారు. అలారం తీయలేరు. బ్యాటరీ హెచ్చరిక తీయలేరు. చివరికి జయశ్రీకి ఒక వాక్యం దొరికింది. పంపు వేయగానే తెర మీద వచ్చే కంపెనీ నినాదం. "కేరింగ్, ఎవ్రీ డ్రాప్". ఇంగ్లీషులో, కామా, ఖాళీలతో సహా పద్దెనిమిది అక్షరాలు. అక్షరానికి ఒక బైటు.

వాల్వు సంగతికి కంపెనీ వాళ్లు పది నిమిషాల్లో ఒప్పుకున్నారు. నినాదం సంగతికి మీటింగు పెట్టారు. గంటన్నర జరిగింది. పూర్తిగా తీయకుండా కుదరదా అని డైరెక్టర్ అడిగాడు. ఆరు అక్షరాలు ఉంచుకోవచ్చని జయశ్రీ చెప్పింది. ఏ ఆరు అన్న దాని మీద మరో అరగంట నడిచింది. "కేరింగ్" మిగిలింది. ప్రతి చుక్కా పోయింది.

టెస్టులన్నీ మళ్లీ చేయడానికి వారం పట్టింది, ఈసారి నిజం పంపు మీద. ఆరువందల పదమూడో టెస్టు ఎలా చేయాలో గిరీష్ స్వయంగా రాశాడు: దేవకుమారి నొక్కినట్టు నొక్కవలెను.

తరువాతి బుధవారం దేవకుమారి వచ్చి నలభైసార్లు నొక్కింది. కొలగ్లాసు అడుగు పొడిగానే ఉంది. ఆమె తెర వైపు చూసింది.

"కేరింగ్ అంట. సరిపోద్దిలే. మొన్నటిది ఎవురు చదివారు గనక?"

జయశ్రీ గ్లాసును బోర్లించి, కింద కాగితం మీద తడి పడలేదని చూసుకుని, సంతకం పెట్టింది.